మాట లేని పిల్ల, మోగిన డప్పు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నందవరంలో జరిగిన సభలో మా నాటక బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజులుగా మేము సాయంత్రం పూట ఒక నాటకం చదువుతున్నాం. పొలం పని, దుకాణం పని, కాలేజీ ముగించుకొని వచ్చి, చదివి, ఆగి, వాదించుకొని మళ్లీ చదువుతున్నాం. మొన్న వేషాలు పంచుకునే రోజు వచ్చింది. తల్లి వేషానికి ముగ్గురు పోటీ పడ్డారు. వంటవాడి వేషానికి ఇద్దరు చేతులెత్తారు. సిపాయి వేషాలకైతే తోపులాటే. కత్రిన్ వేషం దగ్గరికి వచ్చేసరికి అందరూ నేల చూపులు చూశారు. ఒక చెల్లెలు మాత్రం నోరు తెరిచి అడిగింది: "దానికి ఒక్క డైలాగు కూడా లేదు కదన్నా! వేదిక మీద నిలబడి ఏం చేయాల?"

ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేకపోయింది. ఈ రోజు మీ అందరి ముందర ఆ చెల్లెలికి జవాబు చెప్పాలని వచ్చాం. నాటకంలో ఒక్క మాట కూడా మాట్లాడని ఆ పిల్లే ఈ నాటకానికి నాయిక అని మేము నమ్ముతున్నాం. ఎందుకో చెబుతాం.

ముందు నాటకం సంగతి. పేరు 'మదర్ కరేజ్ అండ్ హర్ చిల్డ్రన్'. మన మాటల్లో 'ధైర్యం తల్లి, ఆమె పిల్లలు' అనుకుందాం. రాసినవాడు జర్మనీకి చెందిన బెర్టోల్ట్ బ్రెహ్ట్. హిట్లరు అధికారంలోకి వచ్చిన 1933లోనే ఆయన దేశం విడిచిపోయాడు. 1939లో హిట్లరు పోలండు మీద దండెత్తి రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు స్వీడన్‌లో తలదాచుకుంటూ ఈ నాటకం రాశాడు. 1941లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో మొదటిసారి ఆడారు. యుద్ధం ముగిశాక 1949 జనవరిలో, బాంబులకు కూలిన బెర్లిన్ నగరంలో, బ్రెహ్ట్ భార్య హెలెన్ వైగల్ తల్లి వేషం కట్టింది. కత్రిన్‌గా ఆంగెలికా హుర్విచ్ నటించింది. చూడటానికి వచ్చినవాళ్లలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు.

అయితే కథ హిట్లరు కాలానిది కాదు. అంతకు మూడు వందల ఏళ్ల కిందటిది. 1618 నుంచి 1648 దాకా యూరప్‌లో ముప్పై ఏళ్ల పాటు ఒక యుద్ధం జరిగింది. ఒకే దేవుణ్ని రెండు తీర్లుగా కొలిచే కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ కొట్లాడుకున్నారని పైకి చెబుతారు. లోపల రాజుల రాజ్యాశ ఉంది. పంటలు కాలిపోయాయి, ఊళ్లు పాడుబడ్డాయి, కత్తి కంటే ఎక్కువగా ఆకలీ రోగాలూ జనాన్ని తిన్నాయి.

ఈ నాటకంలో రాజు కనిపించడు. కత్తులు దూసుకొనే పెద్ద పోరాట దృశ్యం కూడా లేదు. కనిపించేది ఒక బండి. సైన్యం వెనకాల తిరుగుతూ రొట్టె, సారాయి, బెల్టులు, చొక్కాలు అమ్ముకునే ఒక ఆడమనిషి బండి. ఆమె పేరు అన్నా ఫియర్లింగ్. ఒకసారి రీగా పట్టణం మీద ఫిరంగులు పేలుతుంటే బండిలో యాభై రొట్టెలు బూజు పట్టిపోతాయన్న భయంతో ఆ గుండ్ల మధ్యనే బండి తోలుకుపోయింది. అప్పటి నుంచి లోకం ఆమెను 'ధైర్యం తల్లి' అంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దోడు ఐలిఫ్, బలశాలి. రెండోవాడిని స్విస్ చీజ్ అంటారు, అమాయకుడు, నిజాయితీపరుడు. మూడోది కత్రిన్, మూగది. ఎద్దులకు బదులు కొడుకులు బండి లాగుతుంటే 1624లో నాటకం మొదలవుతుంది.

ఈ బండి ఎక్కడో యూరప్‌ది, మనకేం సంబంధం అని అనిపించవచ్చు. మాకు మాత్రం చదువుతుంటే మన తాతల ఎద్దులే కనిపించాయి. బంజారాలు, అంటే మన సుగాలీలు, తరాల తరబడి ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దేశమంతా తిరిగారు. మొగలు సైన్యానికి వాళ్లే ధాన్యం చేరవేశారు. టిప్పు సుల్తాను మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికీ వాళ్ల ధాన్యమే ఆసరా అయింది. సైన్యాలు మారాయి, ఎద్దులు మారలేదు. మనమున్న ఈ నేల కూడా యుద్ధాల నేలే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమ కోసం విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ ఎన్ని తరాలు కొట్లాడారో చరిత్రలో చదువుకున్నారు. 1520లో రాయచూరు యుద్ధం, 1565లో తళ్లికోట యుద్ధం. 1786లో టిప్పు ఆదోని కోటను పట్టుకున్నాడు. రాజుల పేర్లు మనకు నోటికి వస్తాయి. ఆ సైన్యాల వెనక ధాన్యం మోసినవాళ్లలో ఒక్కరి పేరైనా వస్తుందా? బ్రెహ్ట్ ఆ పేరు రానివాళ్ల బండినే వేదిక మీదికి తెచ్చాడు. అందుకే ఈ నాటకం మనది కూడా అని మేము అనుకున్నాం.

ఇప్పుడు కత్రిన్ దగ్గరికి వద్దాం. ఆ పిల్ల పుట్టు మూగది కాదు. చిన్నప్పుడు ఒక సిపాయి ఆమె నోట్లో ఏదో కుక్కాడు, అప్పటి నుంచి మాట పోయింది అని తల్లి నాటకం మధ్యలో ఒకచోట చెబుతుంది. చెప్పి వెంటనే వేరే మాటలోకి పోతుంది. బ్రెహ్ట్ అంతకు మించి వివరించలేదు. ఆ ఒక్క వాక్యం దగ్గర మేము ఒక సాయంత్రం మొత్తం ఆగిపోయాం. ఎందుకంటే మన సమాజాల్లో నోరు మూగబోవడం కూడా పుట్టుకతో వచ్చింది కాదు. 1871లో ఇంగ్లీషువాళ్లు క్రిమినల్ తెగల చట్టం తెచ్చారు. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని దొంగ అన్నారు. ఎరుకల వంటి మనవాళ్లను స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి, హాజరు వేసి, అనుమతి లేనిదే గడప దాటనివ్వలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో గాని ఆ చట్టం పోలేదు. చట్టం పోయింది, నోట్లో కుక్కిన గుడ్డ మాత్రం చాలా ఇళ్లల్లో ఇంకా మిగిలే ఉంది. ఆఫీసుకు పోతే మన పెద్దలు చేతులు కట్టుకొని నిలబడటం మీరు చూశారు కదా. దాన్ని మనం అణకువ అనుకుంటాం.

నాటకం మొదట్లోనే తల్లి చీటీలు తీస్తుంది. నల్ల శిలువ గుర్తు వచ్చినవాళ్లకు చావు. పిల్లల్ని యుద్ధానికి దూరంగా ఉంచాలని, భయపెట్టడానికి ఆడిన ఆట అది. ముగ్గురికీ శిలువే వస్తుంది. కత్రిన్‌తో మటుకు, నువ్వు మరీ మంచిదానివి, అదే నీకు గండం అన్నట్టు హెచ్చరిస్తుంది. మన ఇళ్లల్లో మెత్తని పిల్లను చూసి "ఇంత మంచిదానివి ఎట్ల బతుకుతావే" అంటారే, అట్లాంటి మాట.

ఆ వెంటనే ఏం జరిగిందో చూడండి. సైన్యంలోకి మనుషుల్ని పట్టుకుపోయేవాడు ఐలిఫ్‌కు మాయమాటలు చెబుతున్నాడు. తల్లి బండి వెనక ఒక బెల్టు కొక్కెం అమ్మే బేరంలో ఉంది. కత్రిన్ బండి మీంచి దూకి, గొంతు చీల్చుకొని శబ్దాలు చేస్తుంది. ఒక్క నిమిషం ఆగు, బేరం తెగనీ అన్నట్టు తల్లి తల తిప్పదు. బేరం తెగింది. కొడుకు పోయాడు.

రెండో కొడుకు కూడా బేరంలోనే పోయాడు. స్విస్ చీజ్ దగ్గర రెజిమెంటు డబ్బు పెట్టె ఉంది. శత్రువులు వచ్చినప్పుడు దాన్ని దాచబోయాడు. ఒంటికన్ను గూఢచారి తిరుగుతున్నాడని కత్రిన్ చేతులూపి, గొంతుతో ఏవో శబ్దాలు చేసి చెప్పాలని చూస్తుంది. ఆ సైగ వాడికి అర్థం కాదు. పట్టుబడ్డాడు. లంచం ఇస్తే వదులుతామన్నారు. రెండు వందల గిల్డర్లు అడిగారు. బండి తాకట్టు పెడితే ఆ డబ్బు వస్తుంది, కాని బండి పోతే తానూ బిడ్డా బతికేదెట్లని తల్లి తగ్గించి అడిగింది. నూట ఇరవై అంది. చివరికి సరే, మొత్తం ఇస్తానని చెప్పేసరికి తుపాకులు పేలాయి. శవాన్ని తెచ్చి ముందర పెట్టి వీడెవడో తెలుసా అని అడిగితే, తెలుసంటే తనకూ చావే కనుక, తెలియదని తల ఊపింది. ఆ సన్నివేశం చదివినప్పుడు మాలో ఎవ్వరం మాట్లాడలేదు.

ఈ తల్లి చెడ్డది కాదు. పిల్లల్ని బతికించాలనే ఆమె ఆరాటమంతా. కాని యుద్ధంతోనే బతకాలి, యుద్ధం మాత్రం నా పిల్లల్ని ముట్టుకోకూడదు అనుకుంది. మంట మీద అన్నం వండుకొని మంట కాలకూడదంటే కుదురుతుందా? జ్యూరిక్‌లో నాటకం చూసినవాళ్లు తల్లి కష్టం చూసి ఏడ్చి ఊరుకున్నారని బ్రెహ్ట్‌కు నచ్చలేదు. తర్వాత కొన్నిచోట్ల తిరగరాశాడు. ఆమె ఏమీ నేర్చుకోలేదన్నది చూసేవాళ్లు గుర్తించాలని ఆయన పట్టు. మరి నాటకంలో ఎవరూ నేర్చుకోలేదా అంటే, ఆ మూగపిల్లను చూడండి అంటాం మేము.

1631. మాగ్డెబర్గ్ దగ్గర ఒక పల్లె పాడైపోయింది. గాయపడిన రైతు కుటుంబం నెత్తుటి మడుగులో పడి ఉంది. కట్టు కట్టడానికి గుడ్డ కావాలి. బండిలో ఆఫీసర్ల చొక్కాలున్నాయి, ఖరీదైనవి. తల్లి ఇవ్వనంటుంది. అప్పుడు కత్రిన్ ఒక చెక్క పలక ఎత్తి తల్లి మీదికే పోతుంది. చివరికి పాదిరి బలవంతంగా చొక్కాలు లాక్కొని చింపి కట్లు కడతాడు. ఇంతలో కాలుతున్న ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు. కత్రిన్ మంటల్లోకి పరుగెత్తి బిడ్డను ఎత్తుకొస్తుంది. ఆ బిడ్డను ఊపుతూ, గొంతులోంచి ఏదో జోలలాంటి శబ్దం చేస్తుంది. నాటకం మొత్తంలో ఆమె సంతోషంగా కనిపించే చోటు అదొక్కటే అని మాకనిపించింది.

తర్వాతి ఏడాది తల్లి ఆమెను సరుకు తేవడానికి ఊళ్లోకి పంపింది. దారిలో ఆమె మీద దాడి జరిగింది. నుదుటి మీద, కంటి పైన లోతైన గాయంతో తిరిగి వచ్చింది. కాని సరుకు వదల్లేదు. ఆ సరుకులో ఒక డప్పు కూడా ఉంది. ఈ డప్పును గుర్తు పెట్టుకోండి. ముఖం చెడిపోయినా చేతిలోంచి జారనివ్వని డప్పు అది. ఆ మచ్చతో ఇక నాకు పెళ్లి కాదని ఆ పిల్లకు అర్థమైంది. ఒకప్పుడు ఇవెట్ అనే ఆమె ఎర్ర బూట్లు తొడుక్కొని ఆ నడక నడిచి చూసుకున్న పిల్ల, ఇప్పుడు తల్లి అవే బూట్లు తెచ్చిస్తే ముట్టుకోలేదు. తల్లి ఆ పూట యుద్ధాన్ని తిట్టింది. తర్వాతి దృశ్యంలోనే, వ్యాపారం బాగున్నప్పుడు, యుద్ధాన్ని పొగిడింది.

మధ్యలో ఒకసారి శాంతి కూడా వస్తుంది. ఆ కాస్త శాంతిలోనే పెద్దకొడుకు ఐలిఫ్ చచ్చిపోతాడు. యుద్ధంలో రైతుల్ని చంపి ఎద్దుల్ని దోచుకొస్తే సేనాపతి పక్కన కూర్చోబెట్టుకొని వీరుడన్నాడు. శాంతి కాలంలో అదే పని చేస్తే ఉరికంబం. చేసిన పని ఒకటే, రోజు మారింది. తల్లికి ఆ సంగతి చివరి దాకా తెలియదు.

తమ్ముళ్లారా, ఇక్కడ ఒక మాట మీతో. మన జిల్లాలో యుద్ధం అనే మాట వాడం, ఫ్యాక్షను అంటాం. జీపులో ముందు సీటు ఎవరిది, వెనక నాటుబాంబుల సంచి పట్టుకొని కూర్చునేది ఎవరో మీకు తెలుసు. పెద్దమనుషులు రాజీ పడిన రోజు ఒకే పంక్తిలో భోంచేస్తారు. వాళ్ల మాట విని కత్తి పట్టినవాడు మటుకు కోర్టు వాయిదాల చుట్టూ తిరుగుతుంటాడు, లేదా గోడ మీద ఫోటో అవుతాడు. ఐలిఫ్ మనకు కొత్తవాడు కాదు. వీరుడా అని పిలిచే గొంతు ఎవరిదో ముందు చూసుకోండి. ఆ పిలుపుకు పోయే ముందు మీ ఇంట్లో మాట్లాడలేని ఒక కత్రిన్ ఎవరైనా చేతులూపుతున్నదేమో వెనక్కి తిరిగి చూడండి.

మళ్లీ కథలోకి. 1634. చలి, ఆకలి. తల్లితో తిరుగుతున్న వంటవాడికి ఉట్రెక్ట్‌లో పూటకూళ్ల ఇల్లు వారసత్వంగా వచ్చింది. తల్లిని రమ్మన్నాడు, మచ్చ ముఖం మూగపిల్ల మాత్రం వద్దన్నాడు. ఈ మాట కత్రిన్ విన్నది. మూట కట్టుకుంది. తన వల్ల తల్లి బతుకు ఆగకూడదని వెళ్లిపోబోయింది. పోతూ పోతూ వంటవాడి ప్యాంటూ తల్లి పావడా పక్కపక్కన పెట్టింది, నా అడ్డు లేదు, మీరిద్దరూ కలిసి పోండి అని చెప్పినట్టు. మాట లేనివాళ్ల ఉత్తరం అది. తల్లి చూసి ఆపేసింది. వంటవాడి మూట కింద పడేసి, బిడ్డకు గంజి తాగించి, ఇద్దరూ బండి లాక్కుంటూ పోయారు. తల్లిని ఎంత తప్పు పట్టినా ఈ చోట మాత్రం ఆమెకు దండం పెట్టాలి.

ఇక 1636 జనవరి. హాలె అనే పట్టణం దగ్గర ఒక రైతు ఇల్లు. తల్లి సరుకు కొనడానికి పట్టణంలోకి పోయింది. బండి దగ్గర కత్రిన్ ఒక్కతే. రాత్రి వేళ సిపాయిలు వచ్చారు. నిద్రపోతున్న పట్టణం మీద చప్పుడు కాకుండా పడాలని వాళ్ల ఎత్తు. దారి చూపించకపోతే గొడ్లను నరుకుతామనేసరికి ఆ ఇంటి కుర్రాడు ఒప్పుకున్నాడు. ముసలి రైతూ అతని భార్యా ఏమీ చేయలేమనుకున్నారు. మోకాళ్ల మీద కూర్చొని దేవుడికి మొక్కసాగారు. కత్రిన్‌ను కూడా మొక్కమన్నారు. ఆ మొక్కులో ఆ ఆడమనిషి పట్టణంలో ఉన్న తన బంధువునూ అతని నలుగురు చిన్న పిల్లల్నీ తలుచుకుంది.

పిల్లలు అనే మాట వినగానే కత్రిన్ లేచింది. చప్పుడు చేయకుండా బండి దగ్గరికి పోయి, ఏదో తీసి కొంగు కింద దాచుకుంది. నిచ్చెనేసుకొని కప్పు మీదికి ఎక్కింది. నిచ్చెన పైకి లాక్కుంది. డప్పు మోగించడం మొదలుపెట్టింది.

కింద గందరగోళం. రైతులు ఆపమని బతిమాలారు, సిపాయిలు మమ్మల్ని నరుకుతారన్నారు. దిగి వస్తే నీ తల్లిని ఏమీ చేయమని ఆఫీసరు మాటిచ్చాడు. కత్రిన్ డప్పు ఆపలేదు. ఆ చప్పుడును కప్పెయ్యాలని కట్టెలు కొట్టించారు. ఆమె ఇంకా గట్టిగా మోగించింది. బండి పగలగొడతామన్నారు. ఆ బండే వాళ్ల బతుకు. కాసేపు తల్లడిల్లింది, మళ్లీ కొట్టింది. దారి చూపిన కుర్రాడే తట్టుకోలేక ఆపకు, కొట్టు కొట్టు అని అరిచాడు. వాణ్ని కిందపడేసి కొట్టారు. పెద్ద తుపాకీ తెచ్చి కత్రిన్‌ను కాల్చారు. ఆమె ఒరిగిపోతూ ఇంకొన్ని దెబ్బలు వేసింది. డప్పు ఆగిన చోటే దూరంగా పట్టణం ఫిరంగులు మోగాయి. ఊరు మేలుకుంది.

తెల్లారి తల్లి వచ్చింది. చచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకొని నిద్రపోతున్నదనుకొని జోల పాడింది. పాతిపెట్టడానికి రైతులకు డబ్బులిచ్చింది. పెద్దకొడుకు ఇంకా బతికే ఉన్నాడనుకొని, ఒంటరిగా బండి లాక్కుంటూ మళ్లీ సైన్యం వెనక పోయింది. అక్కడితో నాటకం అయిపోతుంది.

త్యాగం అంటే మన తెలుగు కథల్లో నాయికలు చాలామంది ఉన్నారు. పల్నాటి కథలో మాంచాల ఉంది, తనను పట్టించుకోని భర్తను యుద్ధానికి సాగనంపిన ఇల్లాలు. మేడారంలో మన సారలమ్మ ఉంది. కరువులో పన్ను కట్టలేమన్నందుకు కాకతీయుల సైన్యం వచ్చి మీద పడితే తల్లి సమ్మక్కతో కలిసి పోరాడి నేలకొరిగిన బిడ్డ. మన పక్కనున్న బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రాసి తెలుగు వేదిక మీదికి విషాదాంత నాటకాన్ని తెచ్చాడు. అదే బళ్లారి నుంచి వచ్చిన రాఘవ ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టాడు. యుద్ధం వద్దని ఆచార్య ఆత్రేయ 'విశ్వశాంతి' నాటకం రాశాడు. కనుక మేము పరాయి నాయికను తెచ్చి మన నాయికల మీద కూర్చోబెట్టడం లేదు. సారలమ్మ తన జనం కోసం నిలబడింది. కత్రిన్ తనెన్నడూ చూడని పిల్లల కోసం నిలబడింది. ఇద్దరికీ మొక్కుదాం.

కాని ఆడపిల్లలకు త్యాగం అనే మాట చెప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మన ఇళ్లల్లో ఆ మాటను ఎట్ల వాడుతున్నామో చూడండి. తమ్ముడు చదవాలి కనుక అక్క బడి మానేసి మిరపకాయల కోతకు గుంటూరు బండి ఎక్కాలి. అది త్యాగం. పదహారేళ్లకు పెళ్లి చేస్తామంటే తల వంచాలి. అది త్యాగం. కొట్టినా నోరెత్తకూడదు. అదీ త్యాగమే. చెప్పిన మాట వినడానికి మనం పెట్టిన అందమైన పేరు అది. చెల్లెళ్లారా, కత్రిన్‌ది అట్లాంటి త్యాగం కాదు. నాటకం మొత్తం మళ్లీ ఒకసారి తలుచుకోండి. చొక్కాలు ఇవ్వనంటే తల్లి మీదికి పలక ఎత్తింది. వద్దని అరుస్తుంటే మంటల్లోకి పోయింది. మొక్కమంటే డప్పు తీసింది. దిగమంటే నిచ్చెన లాక్కుంది. ఆమె మంచితనం అంతా చెప్పిన మాట విననితనంలోనే ఉంది. తనకోసం కాదు కనుక అది త్యాగం. ఎవరికీ లొంగలేదు కనుక అది ధైర్యం. తల్లికి లోకం పెట్టిన ధైర్యం అనే పేరు నిజానికి ఈ బిడ్డది.

ఇంకో మాట. చావమని మేము ఎవరికీ చెప్పడం లేదు. కత్రిన్ చావాలని పైకి ఎక్కలేదు, ఊరిని లేపాలని ఎక్కింది. కింద ఉన్న నలుగురిలో ఇంకో ఇద్దరు అరిచి ఉంటే, ఇంకో డప్పు మోగి ఉంటే ఆమె బతికేదేమో. ఒక్కతే మోగించింది కనుక కాల్చగలిగారు. 2009 అక్టోబరులో తుంగభద్ర కట్టలు దాటి ఊళ్ల మీద పడినప్పటి సంగతి మీ ఇంట్లో పెద్దలను అడగండి. నీళ్లొస్తున్నాయని ఒక వీధి ఇంకో వీధిని లేపింది. అప్పుడు కులం అడిగినవాళ్లు లేరు. ఆపద వచ్చినప్పుడు మనిషి చేయవలసింది ఆ పనే. చిన్నపిల్లకు పెళ్లి జరుగుతుంటే 1098కి ఫోను చేయడం డప్పు కొట్టడమే. మన పిల్లోణ్ని జీపు ఎక్కిస్తుంటే వాళ్ల అమ్మకు చెప్పడం డప్పు కొట్టడమే. రెండు కులాల మధ్య మంట పెట్టే వీడియో ఫోనులోకి వస్తే ముందుకు పంపకుండా అక్కడే ఆపి, ఇది అబద్ధం అని నలుగురికి చెప్పడమూ అంతే.

ఊరు డప్పును చావుకు పిలిచింది, జాతరకు పిలిచింది, చాటింపుకు పిలిచింది. కొట్టే చేతిని మాత్రం గడప బయట నిలబెట్టింది. ఈ నాటకంలో ఆ డప్పే ఒక పట్టణాన్ని కాపాడింది. అందుకే మా ప్రదర్శనలో జర్మనీ డ్రమ్ము పెట్టం. మన డప్పే పెడతాం. కత్రిన్‌కు వాయించడం రాదు కనుక దరువు వేయకూడదు, తాళం ఉండకూడదు. భయపడుతున్న చేతులు కొట్టినట్టు ఉండాలి.

ఆ చెల్లెలు అడిగిన ప్రశ్నకు ఇదీ మా జవాబు. వేదిక మీద నిలబడి ఏం చేయాల అన్నావు కదమ్మా. వినాల. అందరూ బేరంలో ఉన్నప్పుడు వినేది నీ వేషం ఒక్కటే. ఐలిఫ్‌ను తీసుకుపోవడం ముందు నీ కంటికే పడుతుంది, పసిబిడ్డ ఏడుపు ముందు నీకే వినిపిస్తుంది. పదకొండో దృశ్యం దాకా ప్రేక్షకులకు నీ కళ్లూ, చేతులూ, గొంతులోని ఆ శబ్దాలే కనబడాల, వినబడాల. అంత పని ఉన్న వేషం ఈ నాటకంలో ఇంకొకటి లేదు.

కత్రిన్ వేషం ఇంకా ఖాళీగానే ఉంది. వచ్చే సోమవారం సాయంత్రం మళ్లీ కూర్చుంటున్నాం. చదువు రాకపోయినా ఫరవాలేదు, ఆమెకు చదివే మాటలు లేవు. డప్పు పట్టుకోవడం రాకపోయినా ఫరవాలేదు, ఆమెకూ రాదు. ఇంట్లో పంపకపోతే చెప్పండి, మేమొచ్చి మీ అమ్మానాన్నలతో మాట్లాడతాం.